అత్త స్కార్ఫుల ఊరు

లియాన్ అంటే మీకు ఫుట్‌బాల్ క్లబ్ గుర్తొస్తుందేమో. మా ఇంట్లో వాళ్లకి మాత్రం మేనత్త గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లోని ఆ ఊళ్లో ముప్ఫై ఏళ్లు ఉండి, పోయినేడాది అక్కడే కన్నుమూసింది. ఫ్లాట్ ఖాళీ చేయడానికి వెళ్లిన నాకు అల్మారాలో ఐదు పట్టు స్కార్ఫులు దొరికాయి. అన్నీ హెర్మెస్ కంపెనీవే. రెండు డబ్బా విప్పనివి, మూడు బాగా వాడినవి. ఒకదాని మీద కాఫీ మరక కూడా!

వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలైంది. "అమ్మేయ్, మంచి రేటొస్తుంది" అని అన్నయ్య. నాన్నేమో "అవి మా అక్కవి. ఒక్కటీ అమ్మొద్దు, బీరువాలో దాచు" అన్నారు.

ఏదీ తేల్చుకోలేక, స్కార్ఫులు బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కి క్రువా-రూస్ కొండ మీద దిగాను. ఒకప్పుడు పట్టు నేతగాళ్లు బతికిన పేట అది. వాళ్లని 'కన్యూ'లు అనేవారు. ఇళ్లలో గదులు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తుంటాయి. జకార్డ్ మగ్గం పట్టాలి కదా మరి! చిల్లుల అట్టలతో డిజైన్ నడిపే ఆ మగ్గం 1804 నాటిది. కంప్యూటర్ల పంచ్‌కార్డులకు దారి చూపిందీ అదే. మన ధర్మవరం చీరల మగ్గాల మీదా జకార్డే కనిపిస్తుంది. కూలి గిట్టక ఇక్కడి నేతగాళ్లు 1831లో, మళ్లీ 1834లో తిరగబడ్డారు. ఇళ్ల మధ్య నుంచి పోయే 'ట్రబూల్' అనే సందుల్లో ఇప్పుడు టూరిస్టులు తిరుగుతున్నారు.

ఓ బెంచీ మీద కూర్చుని మరక స్కార్ఫు విప్పాను. హెర్మెస్ వాళ్లు 1937లో మొదలుపెట్టిన చదరపు స్కార్ఫు ఇది. పక్కకి 90 సెంటీమీటర్లు. రంగుకో తెర పెట్టి అద్దుతారు. అంచుల్ని చేత్తో చుట్టి కుడతారు. అయితే ఒక మూల రెండంగుళాల మేర దారం వేరే రంగులో ఉంది. కుట్టు కాస్త వంకర. అది అత్త చేతి కుట్టు! చిరిగితే కుట్టుకుని మళ్లీ కట్టుకుందన్నమాట.

ఫొటో తీసి నాన్నకి పంపాను. చాలాసేపటికి "సరే, నీ ఇష్టం" అని జవాబొచ్చింది.

డబ్బా విప్పనివి రెండూ అమ్మాం. అత్త ఆఖరి అద్దె, కరెంటు బిల్లు తీరాయి. వాడినవి మూడూ వాడటానికే ఉంచాం. ఒకటి అన్నయ్య కూతురు జీన్స్ మీదకి కడుతోంది. మరకది నాది, ఆఫీసు బ్యాగుకి చుట్టుకుంటా. మూడోది నాన్న తీసుకున్నారు. చలికాలం పొద్దున వాకింగ్‌కి అదే మఫ్లర్.

మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే ఎండ తగలనివ్వకండి, సెంటు నేరుగా కొట్టకండి. పట్టుచీరల్లాగే అప్పుడప్పుడూ మడతలు మార్చండి. లేదంటే మడత దగ్గరే పట్టు చీలుతుంది. అన్నిటికన్నా తేలికైన దారి ఒకటుంది: తీసి కట్టుకోండి.