సుగాలీల సంచి

స్థిరముగా నొక యింట నుండు మనకు సంచి యనగా అంగడికి గొనిపోవు వస్తువు మాత్రమే. ఊరూర తిరుగు వారికి సంచియే పెట్టె, సంచియే కొట్టుగది, సంచియే తల్లి పెట్టిన సారె. మార్కాపురము, గిద్దలూరు, యెఱ్ఱగొండపాలెము ప్రాంతముల తండాలలోని సుగాలీల సంచులను జూచినప్పుడెల్ల మాకీ మాటయే తోచుచుండును. వీరినే లంబాడీలనియు, బంజారాలనియు వ్యవహరింతురు.

రైలుబండ్లు రాకపూర్వము దేశమున సరకు మోసినవి యెద్దులు. బంజారాలు ఉప్పును, ధాన్యమును మందలు మందలుగా నెద్దులపై వేసికొని, తీరమునకును పైదేశములకును నడుమ తిరుగుచుండెడివారు. ఎద్దు వీపున కిరువైపుల వ్రేలాడు గోనెబరువునే మన భాషలో పెరిక యనిరి. ఆంగ్లేయుల ‘గన్నీ’ యను పదము సైతము మన గోనెకు చుట్టమే. పందొమ్మిదవ శతాబ్దపు చివర గిద్దలూరు, కంభము, మార్కాపురముల మీదుగా రైలుమార్గము పడెను. పెరికెద్దుల పని క్రమముగా తీరిపోయెను. తండాలు నేలపై నిలిచెను. సంచి కుట్టు విద్య మాత్రము స్త్రీల చేతులలో మిగిలెను.

మా కోడలికై అట్టి సంచి నొకదానిని కుట్టించితిమి. నలుచదరపు ముతక నూలుగుడ్డ. మూడు కొనలను నడుమకు మడిచి, అంచులు కలిపి కుట్టి, నాలుగవ కొనను మూతగా విడిచిరి. ఎఱ్ఱని గుడ్డపై పసుపు, తెలుపు, నీలి దారములు. నడుమ అద్దపు బిళ్లలు, అంచున గవ్వలు. పొరలు పొరలుగా వేసిన గుడ్డను దగ్గఱ దగ్గఱగా కుట్టుటచే సంచి దిట్టమైనది. ఆ కుట్టు అందమునకే కాదు, బలమునకును. కొండసీమ సంచిపై సముద్రపు గవ్వ యేల యని మా కోడలడిగినది. వారి పెద్దలు నడచిన దారియంతయు ఆ గవ్వలోనే కలదని చెప్పితిమి.

కుట్టిన వృద్ధురాలికి తల్లి పెట్టిన సంచులు మూడు. వానలు లేని యొక యేట రెండింటిని వర్తకున కమ్మి గింజలు తెచ్చుకొన్నదట. మూడవదాని నడుగగా, “అమ్మా, ఇది నా మనుమరాలిది” అని దాచుకొన్నది. పట్టణములలో నట్టి పాతసంచులను ముక్కలుగా కోసి, క్రొత్త చేతిసంచులపై నతికి అమ్ముదురు. కోసిన సంచి తిరిగి యే మనుమరాలికిని సారె కాజాలదు. ఇప్పటికిని పని దొరకని కాలమున ఈ సీమవారు పెక్కురు గుంటూరు వైపు మిరపకాయలు కోయ వలసపోవుదురు. ప్రయాణము తిరిగి వచ్చినది గాని చేతిలోనిది ఎరువుల ప్లాస్టిక్ సంచి.

ఈ విద్యకు బ్రతుకు తెరువు లేకపోలేదు. బళ్లారి సీమలోని సండూరున లంబాడీ స్త్రీలు కూడి పనిచేయుచున్నారు; వారి కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జులైలో హంపీలో జి-20 సమావేశము జరిగినప్పుడు, 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1755 పనులు ప్రదర్శింపబడి గిన్నిస్ గ్రంథమున కెక్కినవి.

సోదరీమణులారా! తండాకు పోయి పాతసంచికై బేరమాడకుడు. క్రొత్తది కుట్టి యిమ్మని యడుగుడు. మా సంచికి పట్టిన కాలమెంత యని యడుగగా, ఆ వృద్ధురాలు, “పొలము పని, వంటపని తీరిన మధ్యాహ్నములు ఇరువది” అనెను. వెల చెప్పగానే సగమునకు దించు అలవాటు మనలో పెక్కురకు కలదు. సగమనగా ఆ లెక్కన పది మధ్యాహ్నములు. మన పనికి అట్లు కోతపెట్టిన మన మొప్పుకొందుమా? ఆమె ప్రక్కన కూర్చుండి సూదిలో దారమెక్కించుచున్న మనుమరాలు మన నోటినుండి వచ్చు వెలను వినుచున్నదని మఱువకుడు. ఆ విద్యను నేర్చుకొనుటయో, మానుటయో ఆ పిల్ల ఆ మాటను బట్టియే నిశ్చయించుకొనును.