ఫిషింగ్ హార్బర్ నుంచి మేఘాద్రిగెడ్డ దాకా

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలానికి వచ్చే టైగర్ రొయ్య నడిసముద్రంలో గుడ్లు పెడుతుంది గాని, దాని పిల్లలు పోటు నీటితో ఏటిమొగలు దాటి లోపలికి చేరి, ఉప్పు పర్రల్లోనూ మడ చెట్ల వేళ్ల మధ్యనూ పెరిగి, ఎదిగాకనే సముద్రానికి మరలుతాయి. కనుక ఈ రేవు బతుకును తెలుసుకోగోరే యాత్ర జెట్టీల దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు. ఉప్పు పర్ర అంటే పోటుకు మునిగి, ఆటుకు తేలే బురదనేల. ఉప్పును ఓర్చుకునే మొక్కలే అక్కడ మనగలుగుతాయి.

వన్‌టౌన్ దాటాక, కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ వైపు సాగే దారి పొడవునా కనిపించే గోదాములకూ రైలు పట్టాలకూ అడుగున ఉన్నది చాలావరకు ఒకప్పటి పర్రే. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉప్పుటేరు పరచుకున్న ఆ పల్లాన్ని తవ్వి 1933లో లోపలి ఓడరేవును ప్రారంభించారు. తవ్విన మట్టితో చుట్టుపక్కల నేలను మెరక చేశారు.

మిగిలిన మడ మేఘాద్రిగెడ్డ ఒడ్డున, విమానాశ్రయం సమీపాన ఉంది. ఆకు మీద ఎండకు మెరిసే తెల్లని పొడి ఉప్పే. వేరు పీల్చిన నీటిలోని ఉప్పును ఆకులోని సూక్ష్మగ్రంథులు బయటికి నెట్టివేస్తాయి. బురదలో ఊపిరాడక పైకి పెన్సిళ్లలా నిలువుగా లేచిన శ్వాసవేళ్ల మధ్య చిన్న పీతలు తిరుగుతుంటాయి, వాటి పక్కనే ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఉంటాయి. ఇంత ఓర్పున్న చెట్టుకు నగరం ఇంత తక్కువ చోటు మిగల్చడం బాధాకరం.

1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఆ వేగం ఏటా 3.7 మిల్లీమీటర్లకు చేరింది. అంకె చిన్నదిగానే తోచవచ్చు గాని, విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సైతం ఆటుపోట్ల తేడా ఇంచుమించు ఒకటిన్నర మీటరే కాబట్టి, ఈ మొక్కలు బతకగలిగే ఎత్తుల పరిధి చాలా ఇరుకైనది. నీరు పెరిగినప్పుడు పర్ర ముందు రెండే దారులుంటాయి: ఒండ్రును పట్టుకుని తానూ ఎత్తు పెరగడం, లేదా మెల్లగా నేలవైపు జరగడం. ఎగువన మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు ఒండ్రును చాలావరకు ఆపివేస్తున్నది. నేలవైపున రోడ్డు కట్ట, ప్రహరీ, రన్‌వే అడ్డుగా ఉన్నాయి. ముందు సముద్రం, వెనక కాంక్రీటు నొక్కగా చిత్తడినేల క్రమంగా నశించడాన్ని శాస్త్రజ్ఞులు తీరపు ఇరుకు అంటారు. గెడ్డ పొడవునా అక్కడక్కడా మిగిలిన ఖాళీ పల్లాలే ఇక్కడి మడ జరగడానికి ఉన్న స్థలం. వాటిని గ్రావెల్‌తో కప్పకుండా ఉంచడం రొయ్యపిల్లకు ఎంత అవసరమో, వానాకాలపు వరదను పోటు ఎగదన్నినప్పుడు నీరు నిలిచే చోటు కోసం నగరానికీ అంతే అవసరం.