పాదాలు కలిసిపోయిన పద్యాలు



ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు గణవిభజన నేర్పినవాణ్ణి. ఆ విద్య కంప్యూటరు ముందు అక్కరకు వస్తుందని ఏనాడూ అనుకోలేదు. వచ్చిన సందర్భం మాత్రం నా తప్పిదమే.

మా నాన్నగారు వ్రాసుకున్న పద్యాలు సుమారు రెండువందలు. వాటిని యూనికోడులో టైపు చేసి ఒక ఫైలుగా దాచుకున్నాను. తరువాత నోటుపుస్తకం చెదల పాలయింది. మిగిలింది ఆ ఫైలొక్కటే. దాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చినప్పుడు పంక్తులు నడిమికి విరిగి, ఒక్కో పాదం రెండు ముక్కలయింది. అన్నింటినీ చేత్తో అతికించే ఓపిక లేక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను ఆశ్రయించాను. పంక్తి విరుపు ఉన్నచోటల్లా దాన్ని తీసి ఖాళీ ఉంచమని ఆదేశించాను. యంత్రం చెప్పింది చెప్పినట్లే చేసింది. ముక్కలతోపాటు పాదాలూ కలిశాయి. పద్యాల నడుమ ఎడమూ పోయింది. చూసుకోకుండా భద్రపరచి మూసివేశాను. మరునాడు తెరిస్తే ఫైలంతా ఒకే పంక్తి. నకలు తీసి పెట్టుకోలేదు.

రెండు రోజులు ఆ ఫైలు జోలికి పోలేదు. మూడోనాడు తాటాకు ప్రతులు గుర్తుకు వచ్చాయి. వాటి మీద పద్యాన్ని పాదాలుగా విరవక వరుసగానే వ్రాసేవారు గదా! అయినా చదువరికి పాదం ఎక్కడ ముగిసిందో తెలిసేది. పాదాన్ని నిలబెట్టేది పంక్తి కాదు, ఛందస్సు.

మొదట పద్యాలను విడదీశాను. నాన్నగారు ప్రతి పద్యానికి ముందు ఉ., చ., శా., మ., కం. అని గుర్తు వేసేవారు. ఆ గుర్తులకు ముందు విరుపు పెట్టమన్నాను. అయితే ఏదైనా వాక్యం 'మ'కారంతో ముగిసి, పక్కన చుక్క ఉంటే అక్కడా విరుగుతుంది. అందుచేత గుర్తుకు పూర్వం ఖాళీ ఉండాలని నియమించాను. పూర్వమందు ఏమున్నది, పరమందు ఏమున్నది అని చూసి కార్యం విధించడం వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు. [క-హ] అంటే హల్లులన్నీ అని అర్థమైనప్పుడు పాణిని ప్రత్యాహారాలే తలపుకు వచ్చాయి. నక్షత్రపు గుర్తుకు 'ఎన్నైనా సరే, అసలు లేకున్నా సరే' అని అర్థం. దానికి క్లీనీ అనే గణితవేత్త పేరు. ఈ విషయమై ఆయన పత్రం 1956లో వెలువడింది.

ఇక పాదాలు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. కాని యూనికోడు లెక్క వేరు. మన 'స్త్రీ' ఛందస్సులో ఒక్క అక్షరం; కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. కనుక ముందు అక్షరమంటే ఏమిటో సూత్రీకరించాను: అచ్చు గాని, పొల్లులతో ముడిపడిన హల్లుల వెంట గుణింతపు గుర్తు గాని, ఆపైన సున్నయో విసర్గయో ఉంటే ఉండవచ్చు. తొలి ప్రయత్నంలో పదాంతపు 'న్' తరువాతి పాదం నెత్తిన పడింది. పొల్లు వెనుకటి అక్షరంలోనే చేరుతుందని పిల్లలకు చెప్పిన నేను యంత్రానికి చెప్పడం మరిచాను. అది సవరించి, ఇరవై అక్షరాలకొక విరుపు పెట్టమన్నాను. పాదాల రెండో అక్షరాలు ఒకే హల్లుతో నిలువునా కనబడ్డాయి. ప్రాస కుదిరింది!

కందాలు, గీతాలు ఇలా లొంగలేదు. వాటికి అక్షరసంఖ్య స్థిరం కాదు. ఒక్కొక్కటే గొంతెత్తి చదువుతూ నేనే విరిచాను. నాన్నగారు పోయాక ఆ పద్యాలను పైకి చదవడం అదే మొదలు.

ఒక ఉత్పలమాల మాత్రం కుదరలేదు. మొత్తం 79 అక్షరాలే. నాలుగో పాదపు తొలి అక్షరం మూడోదానికి అతుక్కుంది. ప్రాసాక్షరం పాదం మొదటికి వచ్చి నిలిచింది. లోపం మూడో పాదంలో. నాన్నగారి కలం జారిందా, నా వేలు జారిందా? చూసుకోవడానికి పుస్తకం లేదు. తమ్ముడికి ఫోను చేశాను. "రాగం గుర్తుంది గానీ మాట గుర్తు లేదన్నయ్యా" అన్నాడు.

అక్కడ ఇమిడే మాటలు నాకు మూడు తోచాయి. విద్యార్థుల పద్యాలైతే ఎర్రసిరాతో ఏదో ఒకటి వ్రాసేవాణ్ణే. ఇక్కడ మాత్రం ఏదీ వ్రాయలేదు. ఆ చోట ఒక చుక్క పెట్టి, ఫైలు చివర 'ఇచ్చట ఒక అక్షరము లోపించినది' అని గుర్తు వ్రాసుకున్నాను.

ఇప్పుడా ఫైలుకు మూడు నకళ్ళు ఉన్నాయి. ఒకటి తమ్ముడి దగ్గర. మీరు కూడా సూత్రం నడిపే ముందు నకలు తీసుకోండి. కంద పద్యాన్ని విరిచే సూత్రం ఎరిగినవారు వ్యాఖ్యలో తెలిపితే సంతోషిస్తాను. అయినా మరోసారి పైకి చదివి సరిచూసుకుంటాను.