పాత సామాను

నా రాతబల్ల మీద ఒక ఇత్తడి రింగు ఉంది. ఆడవాళ్ళ గాజు కంటే మందంగా ఉంటుంది, అంచు చుట్టూ చిన్న చిన్న పళ్ళు. లోపలి వైపు సన్నని గీతలు చెక్కి ఉండాలి. వేలు పెట్టి తడిమితే గీతలు తగలవు, నున్నగా జారిపోతుంది. పళ్ళ కొసలు కూడా మొద్దుబారాయి. దీన్ని సింక్రో రింగు అంటారు. మా కారు గేర్‌బాక్సులోంచి వచ్చింది. ఇలాంటి రింగు కోసం నేను ఒక మనిషితో నడిరోడ్డు మీద గొంతు చించుకుని అరిచాను, ఆయనా నా మీద అరిచాడు. ఆ రోజు మా ఇద్దరి మధ్యా మార్చిన పాత రింగు ఉండి ఉంటే అంత గొడవ జరిగేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

మాది పన్నెండేళ్ళ డీజిల్ కారు. ఒకటి నుంచి రెండుకి వేస్తుంటే గర్రుమని చప్పుడు మొదలైంది. ఇంటికి దగ్గర్లో ఉన్న వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. యజమాని ఒక చుట్టు తిప్పి చూసి "గేర్‌బాక్స్ దించాలండీ" అన్నాడు. సరే అన్నాను. నాలుగు రోజుల తర్వాత బిల్లు చేతిలో పెట్టాడు. ముప్పై ఒక్క వేల అయిదు వందలు. ఓవర్‌హాలింగ్, సింక్రో కిట్, ఆయిల్, కూలీ అని నాలుగు వరుసలు. డబ్బు కట్టి బండి తెచ్చుకున్నాను. చప్పుడు లేదు, సంతోషించాను.

సరిగ్గా ఇరవై రోజులకి మళ్ళీ అదే చప్పుడు. తీసుకెళ్తే "ఇది గేర్‌బాక్సు కాదండీ, క్లచ్చి. దానికి వేరే అవుతుంది" అన్నాడు. మరి మొన్న మార్చిన పాత రింగులేవీ, ఒకసారి చూపించండి అన్నాను. "అవి ఇంకా ఎక్కడుంటాయి? పాత ఇనపసామాన్లవాడికి వేసేశాం" అన్నాడు. అక్కడ తెగింది. మీరు మార్చలేదు అని నేను, మార్చాను అని ఆయన. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొస్తే గానీ నేను అక్కణ్ణించి కదల్లేదు.

తర్వాత ఒక లారీ డ్రైవరు చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. లారీ బాడీలు కట్టేవాళ్ళు, లేత్ పనివాళ్ళు, కమాను పట్టీల వాళ్ళు, రేడియేటర్ అతుకులు వేసేవాళ్ళు, అందరూ ఆ వీధుల్లోనే. ఒక షెడ్డులో దొరకని పనితనం పక్క షెడ్డులో దొరుకుతుంది. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. బండి ఎక్కి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. క్లచ్ తొక్కి పట్టి, బండి నిలబెట్టి రివర్సు వేసి చూశాడు. "రేపు పొద్దున్నే రండి సార్, మీరుండగానే దించుతాను" అన్నాడు.

మర్నాడు రెండున్నర గంటలు పట్టింది గేర్‌బాక్సు కిందికి రావడానికి. పాత నూనె ఒక తెల్ల ప్లాస్టిక్ గిన్నెలోకి పట్టి, ఎండలోకి తీసుకెళ్ళి వంచి చూపించాడు. అడుగున పసుపుపచ్చని పొడి, బంగారు రజనులా మెరుస్తోంది. "ఇది ఇత్తడి సార్. ఉక్కయితే నల్లగా, బూడిదలా ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇది అంటుకోదు" అని అయస్కాంతం ముక్క పెట్టి చూపించాడు. ఆ తర్వాత రేకు పళ్ళెంలో డీజిలు పోసి, ఒక్కొక్క ముక్కా కడిగి, గోనెసంచి మీద విప్పిన వరుసలోనే పేర్చాడు. షాఫ్టు, గేర్లు, బేరింగులు, ఫోర్కులు. చివర్న ఈ రింగు నా చేతిలో పెట్టి, పక్కన కొత్త రింగు పెట్టి, రెంటినీ తడమమన్నాడు. యాభై రెండేళ్ళ వయసులో ఆ రోజు నాకు తెలిసింది, గేరు పడడమంటే ఏమిటో.

గేరు వేసేటప్పుడు లోపల రెండు ముక్కలు రెండు వేగాలతో తిరుగుతుంటాయి. వాటిని ఉన్నపళంగా కలిపితే పళ్ళు కొట్టుకుంటాయి. ఇత్తడి రింగు ముందుగా వెళ్ళి గేరు మీదున్న శంకువును ఒరుసుకుని పట్టుకుంటుంది. ఆ ఒరిపిడికి రెండు వేగాలూ ఒకటవుతాయి. అప్పుడు పళ్ళు చప్పుడు లేకుండా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. ఇదంతా మనం గేరు కడ్డీ కదిపేంతలో జరిగిపోతుంది. రింగు లోపలి గీతలు నూనె పొరను కోయడానికి. గీతలు అరిగితే నూనె మీద జారుతుంది, పట్టు దొరకదు, గర్రుమంటుంది. మెత్తని లోహం తాను అరుగుతూ గట్టి లోహాన్ని కాపాడుతుంది.

"అయితే వాళ్ళు మార్చలేదన్నమాట" అన్నాను. నాకు కావలసిన సాక్ష్యం దొరికిందనుకున్నాను. మేస్త్రీ వెంటనే తల ఊపలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ కాసేపు ఆగాడు.

"అలా నేను చెప్పలేనండి. మీ క్లచ్చి తొక్కినా పూర్తిగా వదలడం లేదు. ఇంజను తిప్పుతూనే ఉంటుంది. అలాంటప్పుడు కొత్త రింగు వేసినా అది ఇంజనుతో కుస్తీ పట్టాలి. తొందరగానే అరిగిపోతుంది. పైగా డూప్లికేటు రింగయితే మరీను. వాళ్ళు మార్చలేదో, మార్చి క్లచ్చి చూడకుండా వదిలేశారో, ఈ ముక్క చూసి నేను ఒట్టేయలేను. పాత రింగు ఉండుంటే చెప్పేవాణ్ణి."

నూనె సంగతి కూడా ఆయనే చెప్పాడు. మా బండి గేర్‌బాక్సుకి కంపెనీ చెప్పింది జీఎల్-4 రకం నూనె. వెనక చక్రాల డిఫరెన్షియల్ కోసం చేసే జీఎల్-5 ఇంకా బలమైనది కదా అని కొందరు దాన్నే పోస్తారు. అందులో కలిపే గంధకపు రసాయనాలు ఎక్కువ. ఇత్తడిని అవి తినే ప్రమాదం ఉంది, రింగుకి కావలసిన ఒరిపిడి కూడా తగ్గుతుంది. కాబట్టి బిల్లు మీద ఉత్తి 'ఆయిల్' అని రాస్తే చాలదు, ఏ రకమో రాయాలి.

ఆ పగలంతా షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఆలోచించాను, గేర్‌బాక్సు దగ్గరే ఇన్ని తగాదాలు ఎందుకొస్తాయని. టైరు అరిగితే మన కంటికి కనపడుతుంది. బ్యాటరీ పోతే మీటరు చెబుతుంది. గేర్‌బాక్సు మూసిన పెట్టె. విప్పితే గానీ రోగం తెలియదు, విప్పడానికే కూలీ అవుతుంది. దించి ఎక్కించే కష్టం ముందు లోపలి ముక్క ధర చిన్నది కావచ్చు. తీరా విప్పాక అనుకున్నదానికంటే ఎక్కువ పోయి ఉంటే, బండి అప్పటికే ముక్కలుగా నేల మీద ఉంటుంది. వద్దని తీసుకుపోయే దారి బండి యజమానికి ఉండదు. ఫోనులో "సార్, ఇంకో పన్నెండు వేలవుతుంది" అని వినపడితే మనకి బెదిరింపులా తోస్తుంది. చాలాసార్లు అది నిజమే అయినా సరే. ఇక ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ లాంటి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు వచ్చాక ఆ పెట్టెకి మరో తాళం పడింది. స్కానర్ తగిలించి చూసేవాడు చెప్పిందే వేదం.

మేస్త్రీల వైపు కూడా చూడాలి. మా మేస్త్రీ షెడ్డు మూల దుమ్ము పట్టిన వ్యాను ఒకటి ఉంది. ఎనిమిది నెలలైందట. పని పూర్తయింది, యజమాని ఫోనెత్తడం లేదు. కిట్టు ఖరీదు మేస్త్రీ చేతి నుంచి పెట్టుకున్నాడు. "క్లచ్ ప్లేటు ఒక్కటీ వేసెయ్, ప్రెజర్ ప్లేటు, బేరింగు వద్దులే" అని బేరమాడి, నెల తిరక్కుండా "ఏం చేశావయ్యా?" అని నిలదీసేవాళ్ళూ ఉంటారు. వద్దన్న మాట ఎక్కడా రాసి ఉండదు. అక్కడ నష్టపోయేది మేస్త్రీ.

చట్టం ఇద్దరినీ పట్టించుకుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువు మీద చెప్పిన పని చేసినవాడు కూలీ ముట్టేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ వజ్రాన్ని సానపట్టే పనివాడిది. మేస్త్రీ కూలీకి వజ్రాల పనివాడి కూలీకి ఉన్న హక్కే ఉంది. అదే చట్టం 151వ సెక్షన్, అప్పగించిన వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోమంటుంది. బండి యజమానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బు పుచ్చుకుని పని సరిగా చేయకపోతే సేవాలోపం. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. మనం ఉండే జిల్లాలోనే చేయవచ్చు, వకీలు లేకపోయినా సరే. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి సలహా అడగవచ్చు. అయితే కమిషన్ ముందు నిలబడ్డా అడిగేది ఒక్కటే, ఆధారమేదని. నా చేతిలో ఉన్నది నాలుగు వరుసల బిల్లు. పాత రింగు పాత ఇనపసామాన్లలో కలిసిపోయింది.

మా చెల్లెలి కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. ఫోనులో ఈ గొడవంతా విని అక్కడి పద్ధతి చెప్పాడు. 1971లో వచ్చిన చట్టంతో బండ్ల రిపేరుకి ఆ రాష్ట్రంలో ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ విభాగం ఏర్పడింది. ఎంతవుతుందో ముందు రాసివ్వాలి, దాటితే మళ్ళీ అనుమతి తీసుకోవాలి. పని ఒప్పుకునేటప్పుడే అడిగితే, కంపెనీకి తిరిగి పంపాల్సినవి తప్ప, మార్చిన పాత ముక్కలు యజమానికి ఇచ్చేయాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి 'ఓవర్‌హాల్' అన్న మాట వాడాలంటే విప్పి, కడిగి, లోపలి సీళ్ళు, ఒరుసుకునే ప్లేట్లు కొత్తవి వేసి ఉండాలట. మాటకి కొలత పెట్టారు. మన దగ్గర మూత తీసి నూనె మార్చినా, ముక్కముక్కా విప్పి బిగించినా బిల్లు మీద ఒకటే మాట, ఓవర్‌హాలింగ్. ఆ మాటలో నాకు అర్థమైంది ఒకటి, ఆ వర్క్‌షాపు యజమాని మనసులో ఉన్నది మరొకటి అయి ఉండొచ్చు.

ఇది మనసులో పెట్టుకుని మొదటి వర్క్‌షాపుకి మళ్ళీ వెళ్ళాను. ఈసారి అరవడానికి కాదు. రింగు బల్ల మీద పెట్టి, మేస్త్రీ చెప్పిందంతా, నాకు ప్రతికూలమైన మాటతో సహా, చెప్పాను. ఆయన రింగు తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. లోపలి కుర్రాణ్ణి పిలిచి ఏదో అడిగాడు. వాడు నేల చూపులు చూస్తూ "వేశానన్నా" అన్నాడు. "నేను దగ్గరుండి చూడలేదు సార్" అన్నాడాయన చివరికి. కిట్టు ఖరీదు లెక్కగట్టి వెనక్కి ఇచ్చాడు. తీసుకున్నాను. బయటికి వచ్చాక తేలిక పడాల్సిన మనసు తేలిక పడలేదు. ఆ కుర్రాడు నిజం చెప్పాడేమో! క్లచ్ చూడకపోవడం ఒక్కటే వాళ్ళ తప్పయితే, రింగు వేసిన ఆ చేతులకి నేను దొంగతనం అంటగట్టినట్టే కదా. వాడు వేశాడని రుజువు చేసుకోవడానికి వాడి దగ్గర ఏమీ లేదు, నేను తప్పని తేల్చుకోవడానికి నా దగ్గరా ఏమీ లేదు.

అందుకే ఇప్పుడు బండి ఎక్కడ ఇచ్చినా మూడు మాటలు ముందే చెబుతాను. విప్పేముందు రోగమేమిటో, ఎంతవుతుందో రాసివ్వండి. విప్పాక ఇంకేమైనా బయటపడితే ఫోటో పంపించి ఫోను చేయండి, నేను వద్దంటే ఆ వద్దన్న మాట కూడా రాయండి. పాత సామాను నాకివ్వండి. ఇవి అనుమానంతో అడిగే మాటలని కొందరు చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళకి మా మేస్త్రీ సంగతి చెబుతాను.

గేర్‌బాక్సు దించిన రోజు సాయంత్రం బండి సిద్ధమయ్యాక ఆయన కొత్త సామాను వచ్చిన అట్టపెట్టెల్లోనే పాత ముక్కలు సర్దాడు. క్లచ్ ప్లేటు పెట్టెలో పాత క్లచ్ ప్లేటు, బేరింగు పెట్టెలో పాత బేరింగు. ఒక్కోదాని మీద తేదీ, బండి నంబరు స్కెచ్ పెన్నుతో రాసి డిక్కీలో పెట్టించాడు. చిన్న కాగితం పొట్లంలో ఈ రింగు.

"ఈ తుక్కంతా నాకెందుకు మేస్త్రీ?" అన్నాను.

"మీక్కాదు సార్, నా కోసం" అన్నాడు డిక్కీ మూస్తూ. "రేపు మళ్ళీ చప్పుడొస్తే మీరు నన్నే అడుగుతారు కదా. నేను చేశానని చెప్పడానికి నా దగ్గర ఇంకేముంటుంది?"