నిర్మాల్య విసర్జనం

ఆలయాలలో ప్రాతఃకాలార్చనకు ముందే నిర్మాల్య విసర్జనం జరుగుతుంది. నిన్న స్వామికి సమర్పించిన పుష్పం ఎంత పవిత్రమైనదైనా, నేటి అర్చనకు పూర్వం దానిని తొలగించవలసిందే. ఆ తొలగింపు కూడా అర్చనలో అంతర్భాగమే. బాల్యం నుండి ఈ విధి తెలిసిన ఒక గృహస్థునకు దాని అంతరార్థం బెంగళూరు లాల్‌బాగ్‌లో, గులాబీ మళ్ళ నడుమ బోధపడింది.

ఆయన అనంతపురం జిల్లాకు చెందిన విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు. పదవీ విరమణానంతరం సతీసమేతంగా బెంగళూరులోని కుమారుని ఇంటికి చేరారు. ఆ గృహిణి బాల్కనీలోని కుండీలో ఒక గులాబీ మొక్కను పెంచి, శుక్రవారం నాడు దాని పువ్వును లక్ష్మీదేవి పటానికి సమర్పించేవారు. అలా పువ్వు పెట్టిన ఒక శుక్రవారం గడచిన మూడవనాడు ఆమె పరమపదించారు. ఆశౌచం తీరింది, గృహశుద్ధి జరిగింది. కాని పటం మీది ఆ ఎండిన పువ్వును ఆయన ఎవ్వరినీ తాకనివ్వలేదు. కోడలు దూరం నుండే దీపం వెలిగించేది. నిత్యపూజ చేయక అన్నం ముట్టని ఆయన పూజకు కూర్చోవడమే మానివేశారు. కుండీలోని మొక్క కూడా ఎండిపోయింది. పదకొండు మాసాలు గడచి, సాంవత్సరికం సమీపించింది.

ఉదయపు నడక ఒక్కటే ఆయన విడువలేదు. 1760లో హైదరలీ ప్రారంభింపగా టిప్పు సుల్తాను పెంపొందించిన లాల్‌బాగ్ నేడు సుమారు 240 ఎకరాలలో విస్తరించి ఉన్నది. 1889లో పునాది పడిన గాజుమందిరం, అశ్వారూఢుడైన చామరాజేంద్ర ఒడెయరు విగ్రహం, కూలిన వృక్షాల మొద్దులపై శిల్పులు చెక్కిన ఆకృతులు ఆయనకు నిత్యపరిచితాలు. కెంపేగౌడ మంటపం నిలిచిన శిల వయస్సు దాదాపు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ శిలకు కొంత దూరంలో పూచే గులాబీ ఆయువు కొన్ని దినాలే. ఈ రెండింటి నడుమ మనుష్యాయువు ఏ పాటిదో ఆయన నడుస్తూ ఎన్నోసార్లు తలపోశారు. ఆ తలపు దుఃఖాన్ని తగ్గించలేదు.

ఒక శుక్రవారం ప్రాతఃకాలంలో, ఇంటి మొక్క పూచిన వర్ణంలోనే ఒక గులాబీ ఆయనకు కనిపించింది. చేయి తనంతట తాను ముందుకు సాగింది. గోవుకు గడ్డి, అగ్నికి కట్టెలు, చెట్లతీగల పువ్వులు తనవిగానే గ్రహింపవచ్చునని, పండ్లకు మాత్రం అవి కంచె లేనివై ఉండాలని గౌతమ ధర్మసూత్రం చెప్పిన మాట స్మృతికి వచ్చింది. శాస్త్రం అనుకూలంగానే ఉన్నట్లు తోచింది.

"పువ్వు తెంచొద్దు సామీ!" అన్నది మడిలో పని చేస్తున్న స్త్రీ. కోలారు ప్రాంతపు తెలుగు.

"దేవునికమ్మా, ఒక్కటే."

"అందరూ దేవునికనే అంటారు సామీ. తలా ఒకటి తెంచితే చూసేవాళ్ళకు ఏం మిగుల్తాది?"

ఆయన సిగ్గుతో చేయి వెనుకకు తీసుకున్నారు. ఆమె మాత్రం కత్తెరతో పువ్వులు కోస్తూనే ఉన్నది. పరిశీలించి చూడగా అవన్నీ వాడినవే. ఎందుకని అడిగారు.

"వాడిన పువ్వు చెట్టుమీదే ఉంటే కాయ కడతాది. చెట్టు సత్తువంతా దానికే పోతాది. ఇంక కొత్త మొగ్గ యాడ్నుంచి వస్తాది?" అని, ఐదు చిన్నాకులున్న రెమ్మకు పైగా మరొక పువ్వును కత్తిరించింది.

ఆయన చాలాసేపు అక్కడే నిలబడి, రిక్తహస్తాలతో ఇంటికి మరలారు.

స్నానం చేసి, మడి కట్టుకొని, పదకొండు నెలల తరువాత పూజాపీఠం ముందు కూర్చున్నారు. ఎండిన పువ్వును వ్రేళ్ళతో తీయగానే రేకులు పొడి అయి రాలాయి. ఒక్క రేణువైనా పాదాల క్రింద పడకుండా వాటిని ఏరి, ఎండిన కుండీలోని మట్టిలో కలిపి వచ్చారు. పువ్వు లభింపనప్పుడు అక్షతలతో అర్చన చేయడం సంప్రదాయం. ఆయన అడుగకముందే కోడలు అక్షతలు కలిపి తెచ్చింది.

సంకల్పం ప్రారంభమైంది. 'ధర్మపత్నీ సమేతస్య' అని దశాబ్దాలుగా పలికిన స్థానం రాగానే కంఠం ఆగింది. పఠనం తప్పిన విద్యార్థులను ఎందరినో సరిదిద్దిన ఆ ఉపాధ్యాయుడు అక్కడ మౌనంగా ఉండిపోయారు. పిదప ఆ పదాన్ని విడిచి, తక్కిన సంకల్పం పూర్తి చేశారు. అర్చన సాగింది.

సాధకులు గమనింపవలసినది ఇదే. మనం విడువలేక పీఠంపై నిలిపి ఉంచిన పుష్పం భక్తి చిహ్నంగానే తోస్తుంది. కాని దాని వలననే నేటి అర్చన ఆగిపోతున్నదేమో విచారించుకోవాలి. నిర్మాల్యాన్ని తీసే చేతికి గౌరవం ఉండాలి, వణుకు ఉన్నా దోషం లేదు. ఆ గృహస్థు చేయి ఆనాడు వణికింది. అయినా అర్చన పూర్తయిన తరువాతనే ఆయన భోజనానికి లేచారు.