గాజు తలుపు మీద 'బి'

న్యూయార్క్‌లో ఏడో నంబరు రైలు దిగి జాక్సన్ హైట్స్ 74వ వీధిలోకి వస్తే, అమెరికాలో ఉన్నామన్న సంగతే కాసేపు మరిచిపోతాం. చీరల దుకాణాలు, బంగారం కొట్లు, మిఠాయి వాసనలు... కొట్ల ముందు కాకరకాయలు, బెండకాయలు!

ఆకలేసి ఓ దోసెల హోటల్ ముందు ఆగాం. నేను సాంబారు వాసన పట్టుకుని లోపలికి వెళ్లబోతుంటే, 'నాన్నా, ముందు అది చూడు' అంది మా అమ్మాయి. గాజు తలుపుకి అతికించిన అట్టమీద ఆకుపచ్చ రంగులో పెద్ద 'బి'!

అది ఆ హోటల్ శుభ్రతకు నగర ఆరోగ్యశాఖ ఇచ్చిన గ్రేడు. 2010 జులైలో ఈ పద్ధతి మొదలైంది. ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా వస్తారు. తప్పు దొరికినప్పుడల్లా పాయింట్లు వేస్తారు. అంటే మన పరీక్షలకు తిరగబడ్డ లెక్క... ఎంత తక్కువ వస్తే అంత మంచిది. 13 దాటకపోతే నీలంరంగు 'ఎ'. 14 నుంచి 27 దాకా 'బి'. 28, ఆపైన వస్తే నారింజరంగు 'సి'. మొదటిసారి 'ఎ' రాకపోతే కొన్నాళ్లు ఆగి మళ్లీ తనిఖీ చేస్తారు. గ్రేడు ఇచ్చేది అప్పుడే. కార్డు మాత్రం దారినపోయేవాళ్లకు కనిపించేలా పెట్టి తీరాలి.

ఏ తప్పు చేశారో కూడా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అమ్మాయి ఫోన్లో వెతికింది. చల్లగా ఉండాల్సిన పదార్థం 41 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. అంటే మన లెక్కలో 5 డిగ్రీలు. వేడిగా ఉండాల్సింది 140 కంటే, అంటే 60 సెల్సియస్ కంటే, చల్లారింది. ఈ రెంటికీ మధ్యే క్రిములు తొందరగా పెరుగుతాయట. పొద్దున రుబ్బిన కొబ్బరి చట్నీ మధ్యాహ్నందాకా గట్టుమీదే ఉండే మా వంటిల్లు గుర్తొచ్చి, నేనేం మాట్లాడలేదు.

లోపలికే వెళ్లాం. తెలుగు మాటలు విని యజమాని దగ్గరికొచ్చారు. గుంటూరు వైపాయన. 'చట్నీ బకెట్టు రోజంతా బయటే ఉండేదండీ, మన దగ్గర అంతేగా! ఈ కార్డు పెట్టాక తలుపుదాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్లు రోజూ కనిపిస్తున్నారు' అన్నారు. ఇప్పుడు చట్నీ చిన్న గిన్నెల్లో, ఐస్ మీద ఉంది.

మన హోటళ్లలోనూ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు కనిపిస్తుంది. దానివల్ల లైసెన్సుందని తెలుస్తుంది గానీ, వంటగది ఎలా ఉందో తెలియదు. నవ్వుముఖాల రేటింగు ఉన్నా, అది హోటల్‌వాళ్ల ఇష్టం. 2024లో హైదరాబాద్ హోటళ్ల తనిఖీల ఫొటోలు బయటికొచ్చినప్పుడు ప్రతి ఇంట్లో అదే కబురు. తర్వాత? పిల్లలు బిర్యానీ అడిగితే మళ్లీ నమ్మకం మీదే వెళుతున్నాం.

బిల్లు కట్టి బయల్దేరుతుంటే ఆయన తలుపుదాకా వచ్చారు. 'మళ్లీ తప్పకుండా రండి. అప్పటికి ఈ అట్ట రంగు మారుస్తానండీ' అన్నారు.