పంపాం సరే, అందిందా?

ప్రియమైన తమ్ముళ్లారా,

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులుగా ఏదైనా రాయమని మీరు అడిగినప్పుడు మేం నలుగురం ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. కష్టపడి చదవండి, పైకి రండి అని రాయొచ్చు. ఆ మాట మీకు వార్డెన్ సార్, ట్యూటర్ సార్లు రోజూ చెబుతూనే ఉంటారు. అందుకని మేం చేసిన ఒక తప్పు గురించి రాద్దామనుకున్నాం. తప్పు చిన్నదే. మాకొచ్చిన ఒక ఈ-మెయిల్‌ను ఇంకొకరికి పంపడంలో జరిగింది. కానీ దానివల్ల మా మిత్రుడికి ఉద్యోగం ఇంటర్వ్యూ తప్పిపోయింది.

మేం జహీరాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు ఐదుగురం ఒక జట్టు. కోహీర్ వైపు నుంచి ఇద్దరం, న్యాల్‌కల్ వైపు నుంచి ఇద్దరం, ఝరాసంగం నుంచి ఒకడు. అప్పుడు మనది మెదక్ జిల్లా. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా అయింది. మా ఇళ్లల్లో తెలుగు, బజార్లో ఉర్దూ, బీదర్ వైపు చుట్టాలు వస్తే కన్నడం. అల్లం తవ్వకానికి, చెరకు కోతకు పోయే అమ్మానాయనల పిల్లలం. రేకు పెట్టె, పళ్లెం, గ్లాసు, ఒక దుప్పటి, అదే మా ఆస్తి. ఐదుగురి పెట్టెలూ పక్కపక్కనే ఉండేవి. సబ్బు ఒకడిది అయిపోతే ఇంకొకడిది వాడేవాళ్లం.

అప్పట్లో ఉత్తరాలన్నీ వార్డెన్ సార్ పేరు మీదనే వచ్చేవి. హాస్టల్ వదిలి వెళ్లిన అన్నలకు ఏదైనా ఉత్తరం వస్తే సార్ దాన్ని విప్పేవారు కాదు. కవరు మీద పాత అడ్రసును ఒక గీతతో కొట్టేసి, పక్కన కొత్త అడ్రసు రాసి, మాలో ఒకరికి ఇచ్చి పోస్టు డబ్బాలో వేసి రమ్మనేవారు. “ఎవరి ఉత్తరం వాళ్లకే చేరాలె. మధ్యల మనం చెయ్యి పెట్టొద్దు” అనేవారు. ఆ మాట విలువ మాకు ఆరేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఇంటర్ అయ్యాక మేం నలుగురం ఎంసెట్ రాసి హైదరాబాదులో ఒక ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరాం. ముగ్గురం ఒక కాలేజీ, ఒకడు ఇంకో కాలేజీ. ఐదోవాడికి మా అందరికంటే లెక్కలు బాగా వచ్చు. కానీ నాయినకు ఆరోగ్యం బాగాలేక, తొందరగా సంపాదించాలని డిప్లొమా చేశాడు. 2004లో డిప్లొమా పూర్తి చేసి ఊళ్లోనే ఉంటూ, చెరకు కోతకు పోతూ, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టేవాడు. దరఖాస్తులో ఈ-మెయిల్ అడ్రసు అనే గడి ఉండేది. వాడి ఊరి నుంచి జహీరాబాద్ నెట్ సెంటర్‌కు రావాలంటే బస్సు చార్జీ, గంటకు నెట్ చార్జీ, పైగా ఒక రోజు కూలి పోతుంది. “మీరు రోజూ కంప్యూటర్ ముందే కూసుంటరు కద రా, మీదే రాస్త” అన్నాడు. సరేనన్నాం. మాలో ఒకడి కాలేజీ మెయిల్ అడ్రసు ఇచ్చాడు.

ఇప్పుడు ఆ మెయిల్ సంగతి మీకు కొంచెం చెప్పాలి. మీరు ఫోన్లో చూసే మెయిల్ లాంటిది కాదది. రంగులు, బొమ్మలు, మౌసు ఏవీ ఉండవు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ల్యాబులో లైనక్స్ సర్వర్‌కు లాగిన్ అయి, ‘మెయిల్’ అని టైపు చేసి ఎంటర్ కొడితే వచ్చిన ఉత్తరాల జాబితా నంబర్లతో కనబడేది. నంబరు కొడితే ఉత్తరం తెరుచుకునేది. అన్నీ చేత్తో టైపు చేసే ఆజ్ఞలే. ఆ ప్రోగ్రాం మూలం 1978లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో కర్ట్ షోయెన్స్ రాసినది. అంతకు ముందే 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజినీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీద మొదటి మెయిల్ పంపాడు. పేరుకూ కంప్యూటర్‌కూ మధ్య ‘ఎట్’ గుర్తు పెట్టింది కూడా ఆయనే. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చినప్పుడు, తక్కువ ధరకు విద్యార్థులకు ఇచ్చిన ఖాతాలు కూడా ఇలా ఉత్త అక్షరాలు కనబడేవే.

2004 చివర్లో ఒక సాయంత్రం ఆ అడ్రసుకు మా మిత్రుడి పేరు మీద మెయిల్ వచ్చింది. ఒక కంపెనీ నుంచి. పైన ఇంగ్లీషులో ఒకే ఒక లైను: జతపరచిన లేఖ చూడగలరు అని. దాని కింద తెర నిండా అర్థం పర్థం లేని అక్షరాలు, అంకెలు. పేజీలకు పేజీలు. అది వర్డ్ ఫైలని మాకు తెలుసు. “ఇక్కడ నల్ల తెర కాబట్టి ఇట్ల కనబడుతుంది, అక్కడ విండోస్‌ల మంచిగనే తెరుచుకుంటది” అనుకున్నాం. ఆ ప్రోగ్రాంలో కొత్త ఉత్తరం మొదలుపెట్టి, లైను మొదట్లో టిల్డ గుర్తు, దాని పక్కన ‘ఎమ్’ అక్షరం, ఉత్తరం నంబరు కొడితే పాత ఉత్తరం కొత్తదాంట్లోకి వచ్చి చేరుతుంది. అలాగే చేశాం. జహీరాబాద్‌లో మాకు తెలిసిన నెట్ సెంటర్ భాయ్ అడ్రసుకు పంపి, ప్రింటు తీసి ఇవ్వమని పైన రాశాం. మిత్రుడి ఊళ్లో కిరాణా దుకాణానికి ఫోన్ చేసి, “నీకు లెటర్ వచ్చింది, పోయి తీసుకో” అని చెప్పించాం. తర్వాత క్యాంటీన్‌లో ఛాయ్ తాగి, గొప్ప పని చేశామనుకుని రూముకు పోయాం.

మర్నాడు వాడు కూలి వదులుకుని జహీరాబాద్ వచ్చాడు. భాయ్ నాలుగు పేజీలు ప్రింటు తీసి ఇచ్చాడు. నాలుగింట్లోనూ ఆ పిచ్చి అక్షరాలే. భాయ్‌కి ఏమీ అర్థం కాలేదు, వాడికీ అర్థం కాలేదు. మాకు ఫోన్ చేద్దామంటే మా హాస్టల్ ఫోన్ ఆ రెండు రోజులూ కలవలేదు. మూడోనాడు పొద్దున వాడి ఫోన్ వచ్చింది.

“ఏం పంపిన్రు రా? ఒక్క అక్షరం సమజ్ అయితలేదు.”

పరుగెత్తి ల్యాబుకు పోయాం. ల్యాబులో పనిచేసే అన్న చూసి, ఆ ఫైలును విడదీసి, వేరే కంప్యూటర్లో తెరిచి చూపించాడు. ఇంటర్వ్యూ తేదీ ఉంది. అది ముందు రోజు. చేతులు చల్లబడ్డాయి. కంపెనీకి ఫోన్ చేసి బతిమాలాం. అయిపోయిందన్నారు.

వాడికి ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఎస్టీడీ బూత్‌లో ముగ్గురం నిలబడి, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకున్నాం. చివరికి చెబితే వాడు కాసేపు మాట్లాడలేదు. మీటరు తిరుగుతూనే ఉంది. తర్వాత, “పోనీ తియ్ రా, మీరు కావాల్నని చేసిన్రా” అన్నాడు. తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది. ఆ నాలుగు కాగితాలు వెనకవైపు ఖాళీగా ఉన్నాయని తమ్ముడికి లెక్కలు చేసుకోవడానికి ఇచ్చాడట.

ల్యాబ్ అన్న మమ్మల్ని కూర్చోబెట్టి జరిగింది విప్పి చెప్పాడు. మెయిల్ అనేది మొదట్లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మోయడానికే పుట్టింది. ఫైళ్లు, బొమ్మలు దాంట్లో పోవు. అందుకని 1992లో మైమ్ అనే పద్ధతి తెచ్చారు. నెథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు దాన్ని రాశారు. ఫైలును మామూలు అక్షరాల్లోకి మార్చి పంపుతారు. పెద్దబడి అక్షరాలు 26, చిన్నబడి అక్షరాలు 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత, మొత్తం 64. అందుకే దాని పేరు బేస్ 64. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. మేం చూసిన పిచ్చి అక్షరాలు అవే. వాటిని మళ్లీ ఫైలుగా మార్చాలంటే, ఇది ఫలానా రకం, ఫలానా పద్ధతిలో మార్చాం అని ఉత్తరం తలభాగంలో ఒక చీటీ ఉంటుంది. మేం టిల్డ ఎమ్ కొట్టినప్పుడు పాత ఉత్తరం అంతా కొత్త ఉత్తరం కడుపులోకి మామూలు రాతగా పోయింది. కొత్త ఉత్తరం తల మీద ఆ చీటీ లేదు. స్టోర్ రూములో బస్తా మీద ఉండాల్సిన చీటీని బస్తా లోపల వేసి కుట్టేసినట్టు. అవతలి కంప్యూటర్ దాన్ని ఉత్త రాత అనుకుని అలాగే చూపించింది.

“మరి ఎట్ల పంపాలె అన్నా?” అని అడిగాం. అదే సర్వర్‌లో మట్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది. 1995లో మైకెల్ ఎల్కిన్స్ మొదలుపెట్టాడు. అదీ నల్ల తెరదే, కానీ జతచేసిన ఫైళ్లు తెలిసినది. దాంట్లో ‘ఎఫ్’ కొడితే ఫార్వర్డ్, ‘బి’ కొడితే బౌన్స్. ఫార్వర్డ్ అంటే మన పేరుతో కొత్త ఉత్తరం, దాంట్లో పాతది. మామూలు సెట్టింగులో అప్పటి మట్ జతచేసిన ఫైలును వదిలేసి రాత మాత్రమే పంపేది. బౌన్స్ అంటే ఉత్తరాన్ని ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టు ఇంకో అడ్రసుకు తోయడం. పంపినవారి పేరు కూడా మారదు. అవతలివాడు జవాబు రాస్తే మనకు కాదు, నేరుగా కంపెనీకే పోతుంది.

ఆ మాట వినగానే మాకు వార్డెన్ సార్ గుర్తొచ్చారు. పాత అడ్రసు కొట్టేసి, కొత్త అడ్రసు రాసి, కవరు విప్పకుండా డబ్బాలో వేయించడం. సార్ చేసింది బౌన్స్. మేం చేసింది కవరు చింపి, లోపలి కాగితాన్ని ఇంకో కాగితం మీద అతికించడం.

తర్వాత మేం ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాం. మన హోం డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఫార్వర్డ్ అనే ఫైలు పెట్టి, దాంట్లో ఒక అడ్రసు రాస్తే వచ్చిన ప్రతి మెయిల్ దానంతట అదే అక్కడికి పోతుంది. దసరా సెలవులకు ల్యాబు మూసినప్పుడు ఇది మాకు పనికొచ్చింది. ఒకసారి మాత్రం అడ్రసులు చూసుకోకుండా, ఈ కాలేజీ మెయిల్ ఆ కాలేజీవాడికి, వాడిది మళ్లీ ఇక్కడికి పెట్టుకున్నాం. ఉత్తరం రెండు సర్వర్ల మధ్య గానుగెద్దులా తిరిగి, చివరికి చాలాసార్లు తిరిగిందని చెప్పి వెనక్కి వచ్చింది.

మా మిత్రుడికి రెండేళ్ల తర్వాత ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు జహీరాబాద్‌లోనే ఇల్లు కట్టుకున్నాడు. కలిసినప్పుడు ఆ సంగతి ఎత్తి మమ్మల్ని ఏడిపిస్తాడు. కానీ ఆ రెండేళ్లు వాడు ఎండలో చెరకు నరికాడు. నవ్వినా మాకు ఆ లెక్క మరిచిపోవడం కుదరదు.

తమ్ముళ్లారా, ఇప్పుడు మీకు ఆ నల్ల తెరతో పని లేకపోవచ్చు. వాట్సాప్‌లో ఒక్క వేలితో వందమందికి పంపుతున్నారు. స్కాలర్‌షిప్ నోటీసు ఫోటో తీసి పంపుతారు, చివరి తేదీ ఉన్న మూల ఫోటోలో పడదు. హాల్ టికెట్ స్క్రీన్ షాట్ పంపుతారు, సెంటర్ అడ్రసు కింద ఉండిపోతుంది. మేం 2004లో చేసిన తప్పు అదే. అందుకని అన్నలుగా మూడు మాటలు. పంపేముందు మీరు తెరిచి చదవండి. ముక్కలు చేయకుండా అసలుది అసలుగానే పంపండి. పంపాక ఫోన్ చేసి “తెరుచుకుందా? తేదీ ఎంతుంది, చదువు” అని అడగండి. తేదీ వాళ్ల నోటి నుంచి వింటేనే ఆ ఉత్తరం చేరినట్టు.

మన ఇళ్లల్లో మొదటిసారి మెయిల్ చూసేది మీరే. మీ ఊళ్లో ఇంకొకరి ఉద్యోగమో, పింఛనో, సీటో మీ చేతి మీదుగా పోతుంది. మేం కాలేజీలో చేరామని మా చేతుల్లో పెట్టిన నమ్మకాన్ని ఒక ఛాయ్ తాగేంత సేపు మరిచిపోయాం. మీరు మరిచిపోకండి.

హాస్టల్‌కు, వంట మనుషులకు, సార్లకు, మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

మీ పాత విద్యార్థులు,
నలుగురం. (ఐదోవాడు చదివి, అచ్చుకు ఒప్పుకున్నాడు.)